ట్రాక్ క్లీనింగ్ బండి తిప్పాక పట్టాలు ఇంకా నల్లబడ్డాయి. ఎక్కడ తప్పు జరిగింది?

గూడూరు గేటు (తిరువాన్మియూరు, చెన్నై):

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మా మోడల్ రైలు లేఅవుట్ (బొమ్మ పట్టాలు, స్టేషను అన్నీ అమర్చిన బల్ల) 8 అడుగులు బై 4 అడుగుల ప్లైవుడ్ మీద ఉంది. హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు), కోడ్ 100 పట్టాలు (పట్టా ఎత్తును బట్టి పెట్టిన పేరు), మామూలు డీసీ కంట్రోలరు. బయట ఒక పెద్ద చుట్టు, లోపల ఒక లూపు, నాలుగు పాయింట్లు (బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే చోట్లు). స్టేషనుకు గూడూరు జంక్షన్ అని బోర్డు పెట్టాను, మా ఊరు కాబట్టి. ఒక మూల థర్మోకోల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కొండ కట్టి అందులోంచి సొరంగం పోనిచ్చాను. మా ఊరి స్టేషను దగ్గర సొరంగం ఎక్కడుందని అడక్కండి. మా అబ్బాయి దృష్టిలో సొరంగం లేని రైలు రైలే కాదు.

ఆ సొరంగమే నా మెడకు చుట్టుకుంది. పొడవు మూడడుగులు. చెయ్యి మోచేతి దాకా దూరుతుంది, ఆపైన ఇరుక్కుంటుంది. బయటి పట్టాలు వారానికోసారి రబ్బరుతో రుద్దుకుంటాను, లోపల మాత్రం కుదరదు. అందుకే ఆన్‌లైన్‌లో ఒక ట్రాక్ క్లీనింగ్ బండి కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి. ట్యాంకరు పెట్టెలాగా ఉంటుంది. పొట్టలో ద్రవం పోస్తే కింద ఉన్న గుడ్డ ప్యాడ్ మీదికి కొంచెం కొంచెంగా దిగుతుంది. ఇంజిను లాక్కుంటూ పోతుంటే ఆ ప్యాడ్ పట్టాలను తుడుస్తుంది. చెప్పడమైతే అంతే.

శనివారం రాత్రి ట్యాంకు నిండా పోసి ఇరవై చుట్లు తిప్పాను. పట్టాలు తళతళలాడాయి. పడుకునే ముందు లైటు ఆర్పి, టార్చి వేసి మరీ చూసుకున్నాను. ఆదివారం పొద్దున మా తోడల్లుడి కుటుంబం వచ్చింది. పిల్లలంతా చుట్టూ చేరారు. కంట్రోలరు తిప్పాను. ఇంజిను రెండడుగులు పోయింది, హెడ్‌లైటు మిణుకు మిణుకుమంది, సొరంగం నోటి దగ్గర ఆగిపోయింది. వేలితో తోస్తే కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. తోడల్లుడు ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

తరువాత దూదిపుల్లతో పట్టా మీద ఒక జాన మేర గీశాను. ఇదివరకు ఇలా గీస్తే బూడిదరంగు మరక వచ్చేది. ఇప్పుడు కాటుక. అక్షరాలా కాటుకే, వేలికి జిడ్డుగా అంటుకునేంత.

మా నాన్న గూడూరు సెక్షన్‌లో 31 ఏళ్ళు కీమాన్‌గా (రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసుకునే ఉద్యోగం) చేశారు. పక్కన కుర్చీ వేసుకుని అంతా చూసి ఒక్క మాటన్నారు: "నీ బండి తుడవట్లేదురా, పూస్తోంది."

బండిలోనే లోపమా? వేగం ఎక్కువైందా? ఇంజిను ముందు పెట్టాలా, వెనకా? ఇంకా ఖరీదైన బండి కొంటే పనవుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. సొరంగం మాత్రం పగలగొట్టమనకండి, ఇంట్లో ఒప్పుకోరు.

---

మల్లేశ్వరం మాస్టారు (బెంగళూరు):

మీ నాన్నగారు సగం జవాబు చెప్పేశారు. ఆయనకు నా నమస్కారం చెప్పండి.

ముందు ఒకటి మనసులోంచి తీసెయ్యండి. క్లీనింగ్ బండి మురికి పట్టాలను శుభ్రం చెయ్యదు. శుభ్రంగా ఉన్న పట్టాలను అలాగే ఉంచుతుంది. చీపురుతో ఇల్లు ఊడుస్తాం, జిడ్డు గిన్నె తోమం కదా. మొదటిసారి ప్రతి అంగుళం చేత్తోనే తుడవాలి. ఆ తరువాతే బండి.

అసలు రైలు 25,000 వోల్టుల కరెంటు పైనున్న తీగ నుంచి తీసుకుంటుంది. పట్టా దానికి తిరుగు దారి మాత్రమే. పైగా ఇంజిను బరువు వంద టన్నులకు పైమాటే, పట్టా మీద జిడ్డు పొర ఉంటే నలిగిపోతుంది. మన ఇంజినుకు వచ్చేదీ పట్టా నుంచే, పోయేదీ పట్టా నుంచే. ఉన్నది 12 వోల్టులు. బరువు కొన్ని వందల గ్రాములు. చక్రం పట్టాను తాకేది ఆవగింజంత చోట. అక్కడ పల్చటి పొర అడ్డుపడినా కరెంటు తెగుతుంది, చిన్న నిప్పురవ్వ లేస్తుంది, ఆ రవ్వ నల్లటి మసి వదులుతుంది. ఆ మసి మీద మళ్ళీ రవ్వ. మీరు చూసిన కాటుక చాలావరకు అదే.

ఇంకో సంగతి. మన పట్టాలను నికెల్ సిల్వర్ అంటారు, కానీ అందులో వెండి వీసమెత్తు ఉండదు. రాగి, జింకు, నికెల్. మీ టీ నగర్ షాపుల్లో జర్మన్ సిల్వర్ అని కుంకుమ భరిణెలు, దీపపు కుందులు అమ్ముతారే, ఆ లోహమే ఇది. పూజగదిలో అవి ఎలా నల్లబడతాయో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. పట్టాలూ అంతే. పైగా మీది తిరువాన్మియూరు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమను పీల్చి పట్టుకుంటుంది. మాకు బెంగళూరులో దుమ్ము బాధ ఉంది గానీ ఆ ఉప్పు బాధ లేదు.

బండి ముందా వెనకా అన్న చర్చ తరువాత. ఇప్పుడు నాకు మూడు సంగతులు కావాలి. ట్యాంకులో ఏం పోశారు? మీ పెట్టెలకు ప్లాస్టిక్ చక్రాలా, లోహపు చక్రాలా? లేఅవుట్ ఏ గదిలో ఉంది? దాచకుండా చెప్పండి.

---

గూడూరు గేటు:

మాస్టారూ, దాచకుండా అన్నారు కాబట్టి చెబుతున్నాను. నవ్వకండి.

ఆల్కహాల్ పొయ్యాలని ఎక్కడో చదివాను. కరోనా రోజుల్లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు తెప్పించిన శానిటైజర్ ఐదు లీటర్ల క్యాను ఇంకా స్టోర్ రూములో ఉంది. లేబుల్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతం అని ఉంది. ఆల్కహాల్ ఆల్కహాలే కదా అని అదే పోశాను.

చక్రాలు: పద్నాలుగు పెట్టెల్లో పదకొండింటికి ప్లాస్టిక్‌వే.

గది: హాలు పక్కన చిన్న గది. దానికీ పూజగదికీ మధ్య తలుపు లేదు, కర్టెనే. మా అమ్మ ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేస్తుంది. గది కిటికీ తూర్పుకే, బీచ్ నడిచిపోయే దూరం. ఇది రాస్తుంటేనే నాకు సగం అర్థమవుతోంది.

---

మల్లేశ్వరం మాస్టారు:

నవ్వాను. క్షమించండి.

శానిటైజర్‌లో ఆల్కహాల్ ఒక్కటే ఉండదు బాబూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములా చూడండి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతం, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125 శాతం, గ్లిజరిన్ 1.45 శాతం. గ్లిజరిన్ ఎందుకు? చేతులు ఎండిపోకుండా. అంటే ఆరిపోకుండా ఉండటమే దాని ఉద్యోగం. ఆల్కహాల్ రాత్రికి రాత్రి ఎగిరిపోయింది, గ్లిజరిన్ పట్టాల మీద మిగిలింది. మీరు ఇరవై చుట్లు తిప్పి దాన్ని సొరంగంతో సహా సమానంగా పట్టించారు. అది గాలిలో తేమను కూడా లాక్కుంటుంది. దాని మీద సాంబ్రాణి పొగ, ప్లాస్టిక్ చక్రాల అరుగుదల. ఇక కాటుక కాక ఏమవుతుంది?

విరుగుడు సులభమే. గ్లిజరిన్ నీళ్ళలో కరుగుతుంది. పాత నూలు బనియను గుడ్డ తడిపి, గట్టిగా పిండి, పట్టాల పైభాగమూ లోపలి అంచూ తుడవండి. లోపలి అంచు చాలామంది మరిచిపోతారు, చక్రపు అంచు రాసుకునేది అక్కడే. వెంటనే పొడిగుడ్డ. తరువాత రిచ్చీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డులు కడగడానికి అమ్మే 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తెచ్చి ఇంకోసారి. సొరంగంలోకి పొడవాటి చెక్క స్కేలుకు గుడ్డ చుట్టి రెండు నోళ్ళ నుంచీ తుడవండి. మూడడుగులే కదా, అటు ఒకటిన్నర ఇటు ఒకటిన్నర. గుడ్డ మీద నలుపు రావడం ఆగేదాకా. ఓపిక పట్టాలి.

ఉప్పు కాగితం మాత్రం పట్టాల మీద పెట్టకండి (మీ దగ్గర షాపుల్లో ఉప్పుత్తాళ్ అంటారనుకుంటా). గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మురికి కాపురం పెడుతుంది.

ఖరీదైన బండి సంగతి. డాపోల్ వాళ్ళ మోటారు బండి ఉంది. ఫ్యానుతో దుమ్ము పీలుస్తుంది, అడుగున డిస్కు మారిస్తే రుద్దుతుంది, ట్యాంకు పెడితే తడిపి తుడుస్తుంది. మంచిదే. కానీ తనంతట తాను నడవదు, ఇంజిను లాగాలి. దాని మోటారుకు కరెంటు పట్టాల నుంచే, అంటే పట్టాలు మరీ మురికైతే క్లీనరే ఆగిపోతుంది! మీ డీసీ కంట్రోలరులో వేగం తగ్గిస్తే వోల్టేజి తగ్గి ఫ్యాను కూడా నీరసిస్తుంది. సీఎమ్ఎక్స్ అని ఇత్తడి ట్యాంకరు ఇంకొకటి. పైన స్క్రూ తిప్పి చుక్కలు ఎంత పడాలో సరిచెయ్యొచ్చు, బరువుకు ప్యాడ్ బాగా ఒత్తుకుంటుంది. ఆ బరువుకే ఒక ఇంజిను చాలదు, ఎత్తు ఎక్కాలంటే రెండు కట్టాల్సిందే. మీ లేఅవుట్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఉన్న బండినే సరిగ్గా వాడండి. ప్యాడ్ చెమ్మగా ఉంటే చాలు, కారకూడదు.

ఒక జాగ్రత్త. ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది. కిటికీ తీసి పెట్టండి. పూజగదిలో దీపం వెలుగుతుండగా ఈ పని వద్దు.

---

పెరంబూరు పద్మ (చెన్నై):

మాస్టారు పట్టాల గురించి అంతా చెప్పారు, ఇంజిను చక్రాలను వదిలేశారు. పట్టాలు అద్దంలా తుడిచి మురికి చక్రాల ఇంజిను ఎక్కిస్తే రెండు చుట్లలో మళ్ళీ మొదటికి వస్తుందండీ. బురద కాళ్ళతో తడిగుడ్డ పెట్టిన ఇంట్లోకి వచ్చినట్టు.

నేను చేసేది ఇది. పట్టాల మీద అడ్డంగా పాత చేతిరుమాలు పరుస్తాను, దాని మీద రెండు చుక్కల ఐపీఏ. ఇంజిను ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు ఉత్త పట్టా మీద ఉండేలా పట్టుకుని కంట్రోలరు తిప్పుతాను. వెనక చక్రాలు కరెంటు తీసుకుంటాయి, ముందువి గుడ్డ మీద గిరగిరా తిరుగుతాయి. నల్లటి జోడు గీతలు పడతాయి చూడండి, మొదటిసారి చూస్తే భయమేస్తుంది. తరువాత ఇంజిను తిప్పి పెట్టి వెనకవి. కొన్ని ఇంజిన్లకు ఒక జత చక్రాలకు పట్టు కోసం రబ్బరు ఉంగరాలుంటాయి. వాటికి తడి తగలనివ్వకండి, ఉబ్బి ఊడిపోతే మళ్ళీ దొరకవు.

పెట్టెలకు ప్లాస్టిక్ చక్రాలు తీసి లోహపువి వేయించండి. ఒకేసారి కొంటే ఖర్చు కాబట్టి నేను నెలకు రెండు పెట్టెల చొప్పున మార్చాను.

ఇక సొరంగానికి. మా నాన్నగారు ఐసీఎఫ్‌లో (పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ) పనిచేశారు, 1955లో మొదలైన ఫ్యాక్టరీ అని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఏదీ కొననివ్వరు. ఈ పద్ధతి నేను చదివింది అమెరికాలో జాన్ ఆలెన్ అనే పాతకాలపు లేఅవుట్ నిర్మాత గురించి. ఆయన 1973లో పోయారు. ఒక పెట్టె కింద హార్డ్‌బోర్డు ముక్క వేలాడదీసి పట్టాల మీద ఈడ్పించేవారట. హార్డ్‌బోర్డు ఎక్కడ దొరుకుతుందా అని నేను వెతుకుతుంటే నాన్నగారు మా అమ్మాయి పదో తరగతి పరీక్ష ప్యాడ్ తెచ్చి చేతిలో పెట్టారు. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గోనెపట్టాలా గరుకుగా ఉంటుంది కదా, అదే.

23 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల పొడవు కోసుకోండి. గరుకు వైపు కిందికి. ముందూ వెనకా అంచులు పడవ మూతిలా కొంచెం పైకి చెక్కాలి, లేకపోతే పాయింట్ల దగ్గర తగులుకుంటుంది. నున్నటి వైపు రెండు చదును తల మేకులు తలకిందులుగా అరల్డైట్‌తో అంటించి, పెట్టె అడుగున రెండు వదులు రంధ్రాలు చేసి ఆ మేకులు అందులోకి దూర్చండి. స్ప్రింగు వద్దు, స్క్రూ వద్దు. తన బరువుతో తానే పట్టా మీద కూర్చుంటుంది, పైకీ కిందికీ ఆడుతుంది. ద్రవం లేదు, మోటారు లేదు. మామూలు గూడ్సు బండి మధ్యలో కట్టేస్తే రోజూ ఆటలోనే తుడిచేస్తుంది. ముక్క అడుగున రెండు నల్లటి చారలు పడ్డాక దాన్ని ఉప్పుత్తాళ్ మీద నాలుగుసార్లు రుద్దండి. ఉప్పు కాగితం వాడాల్సింది అక్కడ, పట్టాల మీద కాదు.

తడి బండి కూడా తిప్పాలంటే వరస ఇలా పెట్టండి: ముందు ఇంజిను, దాని వెనక హార్డ్‌బోర్డు పెట్టె, తరువాత చెమ్మ ప్యాడ్ ఉన్న మీ ట్యాంకరు, చివర ఇంకో పొడి ముక్క. నడిచే వేగంతో చాలు. మీరు ఇరవై చుట్లు ఎక్స్‌ప్రెస్‌లా తిప్పి ఉంటారని నా అనుమానం.

---

సర్జాపూర్ షంటర్ (బెంగళూరు):

మాస్టారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. ఐపీఏ వద్దు. అది పోలార్ ద్రవం, డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి ద్రవం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 18కి పైన. అలాంటి ద్రవాలతో తుడిచిన పట్టాల మీద రవ్వలు ఎక్కువ లేచి త్వరగా నల్లబడతాయని ఈ మధ్య చాలామంది మోడలర్లు వాదిస్తున్నారు. నేను రంగుల షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్‌కి మారాను. దాని స్థిరాంకం 2 దగ్గర. రెండు వారాలకోసారి తుడిచేవాణ్ణి, ఇప్పుడు రెండు నెలలు నడుస్తోంది. పైన్ చెట్టు నుంచి తీసే టర్పెంటైన్ వేరు, అది జిగురు వదులుతుంది, పొరపాటున కొనకండి. మినరల్ అని చూసి కొనండి, రాశాక పొడిగుడ్డతో పూర్తిగా తీసెయ్యండి.

---

మల్లేశ్వరం మాస్టారు:

షంటర్ గారూ, పన్నెండేళ్ళుగా ఐపీఏనే వాడుతున్నాను, నా బండ్లు నడుస్తూనే ఉన్నాయి. మీ రెండు నెలలకు కారణం టర్పెంటైనా, లేక ఈసారి లోపలి అంచు కూడా తుడవడమా? నా గదిలో ఆ వాసన మా ఆవిడ ఒప్పుకోదు, అది వేరే సంగతి. రబ్బరు ఉంగరాలకు టర్పెంటైన్ అసలే పడదు.

---

సర్జాపూర్ షంటర్:

లోపలి అంచు కూడా తుడిచాను, నిజమే. వచ్చే నెల లూపులో సగానికి ఐపీఏ, సగానికి టర్పెంటైన్ పెట్టి చూస్తాను. ఫొటోలు పెడతా.

---

గూడూరు గేటు:

మూడు వారాలైంది. అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

మాస్టారు చెప్పినట్టే తడి బనియను గుడ్డతో మొదలుపెట్టాను. మొదటి గుడ్డ చూసి మా ఆవిడ ఇది ఉతకడానికి వెయ్యకు, నేరుగా చెత్తబుట్టలో వెయ్యి అంది. అలాంటివి ఆరు గుడ్డలు. సొరంగం ఒక్కటే మూడు గుడ్డలు తింది. పద్మగారూ, మా అబ్బాయి పరీక్ష ప్యాడ్ ఇంకా వాడుకలో ఉంది, అందుకని నాదే తీశాను, ఇంటర్‌లో వాడింది. క్లిప్పు దగ్గర హాల్ టికెట్ నంబరు ఇంకా ఉంది. మొదటిసారి అంచులు చెక్కకుండా పెట్టి, లూపులోకి మళ్ళే పాయింటు దగ్గర బండి మొత్తం బోల్తా కొట్టించాను. పడవ మూతి అని మీరు ఊరికే రాయలేదని అప్పుడర్థమైంది. వేగం విషయంలో మీ అనుమానం నిజమే, మావాడు ఎక్స్‌ప్రెస్ అంటే ఎక్స్‌ప్రెస్ నడపాల్సిందే.

ఇంత చేశాక ఇంజిను అంతటా హాయిగా తిరిగింది, ఒక్క సొరంగం నోటి దగ్గర తప్ప. అక్కడ ఆగడం లేదు గానీ నీరసపడుతోంది, హెడ్‌లైటు మసకబారుతోంది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ అంతే. దూదిపుల్ల తెల్లగానే వస్తోంది.

అప్పుడు నాన్న లేచి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని, పట్టాల వెంట వేలు తేలిగ్గా ఆనిస్తూ చుట్టూ నడిచారు. ఆయన ఉద్యోగంలో రోజూ చేసింది అదే, బీటు నడుస్తూ పట్టాలను బిగించే కీలూ, అతుకుల దగ్గరి ఫిష్‌ప్లేట్లూ చూసుకోవడం. సొరంగం నోటికి ఇవతల ఒక అతుకు దగ్గర ఆగి బొటనవేలితో పట్టాను కిందికి నొక్కారు. "ఇప్పుడు నడుపు" అన్నారు. ఇంజిను సొరంగంలోకి దూసుకుపోయింది. వేలు తీశారు, మళ్ళీ నీరసం.

జాయినర్ (రెండు పట్టాలను కలిపే లోహపు తొడుగు) వదులు. ప్లాస్టర్ పోసినప్పుడు ఆ అతుకులోకి నీళ్ళు దిగి లోపల పచ్చగా చిలుము పట్టింది. కరెంటు ఆ అతుకు దాటేసరికే సన్నబడిపోతోంది. అక్కడి నుంచి సొరంగం అవతలి దాకా నేను వేరే తీగ ఇవ్వలేదు. ఇప్పుడు పాత జాయినర్ తీసేసి కొత్తది వేసి, సొరంగానికి రెండు వైపులా పట్టాకు తీగలు సోల్డర్ చేశాను. మొత్తం అరగంట పని. దాని కోసం నెలరోజులు పట్టాలను తిట్టుకున్నాను.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి వేసేముందు లేఅవుట్ మీద పాత దుప్పటి కప్పుతున్నాం. శనివారం పరీక్ష ప్యాడ్ బండి పది చుట్లు తిరుగుతుంది. నాన్న దానికి కీమాన్ స్పెషల్ అని పేరు పెట్టారు. నా ఖరీదైన ట్యాంకరు అల్మారాలో ఉంది. షంటర్ గారి ఫొటోలు వచ్చాక అందులో ఏం పొయ్యాలో ఆలోచిస్తాను.

ఇంతకీ శానిటైజర్ ఇంకో నాలుగున్నర లీటర్లు మిగిలింది. ఎవరికైనా కావాలంటే తిరువాన్మియూరు వచ్చి తీసుకెళ్ళండి. చేతులకు మాత్రమే.